ధనంజయ గుండు

నడిమిపల్లె వాళ్ళకు గొప్పగా చెప్పుకోవడానికి కోట లేదు, కొండ లేదు. ఉన్నదల్లా ఒక గుండు. గంగమ్మ గుడి ముందర ఎండకూ వానకూ నల్లబడి, పట్టు దొరకడానికి ఎక్కడా ఒక గంటు కూడా లేని నున్నటి రాతిగుండు. అయితేనేం, తిరుపతి నుంచి వచ్చినవాడికైనా సరే, ఇంత అన్నం పెట్టకముందే ఆ గుండు చూపిస్తారు. చూపించి, ఆ వచ్చినవాడి మొహం వంకే చూస్తూ నిలబడతారు. వాడు నోరు తెరిస్తే సరే, తెరవకపోతే ఆ పూట మర్యాదలో ఒక పిసరు తగ్గినట్టే.

దాన్ని భుజానికెత్తి, గుడి చుట్టూ ఒక చుట్టు తిరిగి, ఎత్తినచోటే దించినవాడి పేరే గుండు పేరు. తాతల కాలంలో అది ఓబన్న గుండు. డెబ్భై ఒకటో సంవత్సరం జాతరలో ధనంజయ ఎత్తినాక ధనంజయ గుండు అయింది. పేరుతో పాటు ఒక కట్టుబాటు కూడా ఉంది. ఏటా జాతరనాటి పొద్దున ఎత్తినవాడి ఇంటి ఆడమనిషి వచ్చి గుండును కడిగి పసుపు కుంకుమ పెట్టి, దాని పేరు పలకాలి. అప్పుడే గుండు మేలుకున్నట్టు, అప్పుడే కుర్రవాళ్ళు చెయ్యి వెయ్యాలి. మధ్యాహ్నం ఆ ఎత్తిన మనిషి గుడి ముందర విస్తరి వేసుకుని, గుండుకు పసుపు పెట్టిన చేతి వంటే తినాలి.

ధనంజయకు తల్లి లేదు, తోబుట్టువులు లేరు. ఉన్నది పెళ్ళాం చంద్రకాంతమ్మ ఒక్కతే. ఆమె కొన్ని జాతరలు పసుపు పెట్టింది, వండి పెట్టింది. తర్వాత ఒక ఏడు రాలేదు. ధనంజయ తాగి వచ్చి ఆమె ఎడమచేతి మణికట్టు విరిచేశాడు. అంతకుముందు తిన్న దెబ్బలు ఊరి దృష్టిలో దెబ్బలే కావు, ఏ కొంపలో లేవు అన్నారు. ఎముక విరిగాక మాత్రం కొంచెం గొణిగారు. విరిచినవాడు చిత్తూరు వెళ్ళి బెల్లం మండీలో బస్తాలు మోస్తూ ఇంకొకామెతో కాపురం పెట్టాడు. విరిగినామె తిరుచానూరు చేరి, అమ్మవారి గుడి వీధిలో పూలు కట్టి బతికింది. గుండు మాత్రం పసుపు లేక, పేరు పలికేవాడు లేక, పదేళ్ళకు పైగా నిద్రపోయింది. మిగతా జాతరంతా జరిగేది గానీ, గుండు పక్కకు వచ్చేసరికి డప్పులవాళ్ళు కూడా తల తిప్పుకుని పోయేవాళ్ళు.

ఎనభై ఆరులో జాతర ఇంకా రెండు రోజులుందనగా, ఊరిపెద్ద సుబ్రమణ్యమూ గంగమ్మ పూజారి చిన్నబ్బా తిరుచానూరు వచ్చి చంద్రకాంతమ్మ పూలబుట్ట ముందు నిలబడ్డారు. ఆమె దారం కొస కాలి బొటనవేలికి చుట్టుకుని కనకాంబరాలు కడుతూ ఉంది. ఎడమ మణికట్టు పూర్తిగా తిరగదు కాబట్టి ముడి కుడిచేత్తోనే వేసి, ఎడమచేత్తో అదిమి పెట్టుకుంటుంది. అలవాటైపోయింది కాబట్టి చూసేవాళ్ళకు తెలియదు.

"ఎండన పడి వచ్చినారు, కూసోండి మామా," అంది.

సుబ్రమణ్యం కూర్చున్నాడు. "ధనంజయ వచ్చేసినాడమ్మా. గుడి ఎనక పందిట్లో ఉండాడు. ఆ చిత్తూరామె ఎప్పుడో ఎళ్ళిపోయిందంట. తాగుడు మానేసినాడు."

"మానినాడా, డాక్టరు మానిపించినాడా?"

"రొండూలే," అన్నాడు సుబ్రమణ్యం. అబద్ధమాడటం ఆయనకు పెద్దగా చేతకాదు. "మేమంతా కూసోని అనుకున్న్యామమ్మా. ఈ తూరి జాతరలో ఆయప్పకి తలపాగా కట్టాల, గుండు కింద అరుగు కట్టించి పేరు సెక్కించాల అని. తప్పు సేసినాడు, నేను కాదన్లా. తప్పు తప్పే, ఎత్తింది ఎత్తిందే. మన తరంలో ఇంకొకడు ఎత్తిన్యాడా? ఈ కాలం పిల్లోళ్ళకి అది వొట్టి రాయి అయిపోయిండాది. నువ్వొచ్చి ఇంత పసుపు పెడితే..."

"పసుపు పెడితే మజ్జాన్నం కూడు పెట్టాల. కూడు పెడితే సాయంత్రం నా ఎనకాలే నా ఇంటికి వస్తాడు. అంతే గదా మామా?"

ఇద్దరూ పూలవంక చూశారు. చివరికి చిన్నబ్బ అన్నాడు, "వొళ్ళు సెడిపోయినోడు. యాడికి పోతాడమ్మా?"

"గుండుని లేపమని అడిగేదానికి వచ్చినారా, నా కాపురం నిలబెట్టేదానికి వచ్చినారా? రొండూ ఒకే కుండలో పోసి తెచ్చినారే."

పక్కన అరటిపళ్ళు అమ్మే ఆమె కలగజేసుకుంది. ఆడదాని చెయ్యి విరిచినవాడికి తలపాగా ఏంటి, చెప్పులదండ వెయ్యాలి గానీ అంది. ఆ పక్కన కొబ్బరికాయలవాడు, నీకేం తెలుసు, ఆ గుండును నేను చూశాను, దాన్నెత్తినవాడు మనిషి కాదు అన్నాడు. అవును, మనిషి కాదనే నేనూ అంటున్నాను అంది పళ్ళామె. వీధి వీధంతా చెరొకవైపు చేరి కాసేపు పోట్లాడుకుంది. తగువు మాత్రం అందరిదీ, ఇల్లు చంద్రకాంతమ్మది. పెంకులు కప్పిన ఆ ఒంటిగది ఇంటికి లోపలినుంచి గడియ వేసుకుని, ఎవరి అడుగుల చప్పుడుకూ ఉలిక్కిపడకుండా పడుకోగలగడం ఆమెకున్న ఐశ్వర్యం. అది పోతుందేమోనన్న భయంతో ఆమెకు ఆ సాయంత్రం కట్టిన మాలలన్నీ వదులుగా వచ్చాయి.

మరునాడు పొద్దున్నే ఆమె మిట్టపల్లెలో అన్న మునస్వామి దగ్గరికి వెళ్ళింది. విరిగిన చేతిని తుండుగుడ్డతో కట్టి, ఎద్దులబండిలో తిరుపతి ఆసుపత్రికి తోలుకుపోయినవాడు మునస్వామే. ఆనాటినుంచీ బావ పేరు అతని ఇంట్లో వినపడలేదు. ఆమె చెప్పింది విని, పలుపు పేనడం ఆపి, "పోవద్దు," అన్నాడు. "పోతే నా గడప తొక్కొద్దు."

"పోతానని అన్లేదు. ఒకటి అడగాలని వచ్చినా. ఆయప్ప గుండెత్తిన పొద్దు నువ్వు ఆడ్నే ఉండినావు గదా. ఏం సూసినావో సెప్పు."

ఆమె ఆ ఎత్తడం చూడలేదు. ఎత్తిన నెలకే ఆమె పెళ్ళి. ఊరంతా కథలు కథలుగా చెప్పుకునే ఆ పొద్దు గురించి అన్నను ఆమె ఎప్పుడూ అడగలేదు, అతనూ ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు నోరు విప్పాక మాత్రం ఆపలేకపోయాడు.

"నేనూ పట్టిన్యాను ఆ పొద్దు. మోకాలు దాకా తెచ్చి వొదిలేసినా. నా తర్వాత ఇంకా కొందురు పట్టినారు. అందరూ అయినాక వచ్చినాడు ఆయప్ప. పెద్ద వొళ్ళేం కాదు, ఎండుకట్టె మాదిరి ఉండినాడు. జనం నవ్వినారు. ఆయప్ప వచ్చీరాంగానే చెయ్యేయల్యా. సంతలో ఎద్దుని సూసినట్టు దాని సుట్టూ తిరిగినాడు. ఇంత దుమ్ము తీసి సేతులకి రుద్దుకున్న్యాడు. గొంతుక్కూసోని, చెంప దానికి ఆనించి, కండ్లు మూసుకున్న్యాడు. ఏందో ఇంటా ఉండాడు అనుకున్న్యాం. కిందికి సేతులు ఎట్ల పోనిచ్చినాడో నాకు ఇప్పటికీ తెలీదు. వొళ్ళోకి వచ్చేసింది. బిడ్డని వొళ్ళో పెట్టుకున్నట్టు పెట్టుకోని కూసున్న్యాడు. డప్పులోడు కొట్టేది మర్సిపోయినాడు పాపా."

మునస్వామి చేతులు తెలియకుండానే ముందుకు చాచి ఉన్నాయి. గుండు తన ఒళ్ళోనే ఉన్నట్టు, ముక్కుపుటాలు అదురుతున్నాయి.

"లేసినాడు. మోకాళ్ళు కటకట మన్నాయి, నేను ఇన్న్యా. ముక్కులోంచి నెత్తురు. భుజానికి ఎక్కింది. ఇంక నడస్తా ఉంటే, ఆ ఎండిపోయిన నేల మీద పాదాలు దిగబడినాయి. జనం అరవల్యా. నవ్వినోళ్ళు దండం పెడతా ఉండారు. ఎవరికి పెడతా ఉండారో ఆళ్ళకే తెలీదు. సుట్టు తిరిగొచ్చినాడు. 'పడెయ్, పడెయ్' అన్న్యారు అంతా. ఎవుడైనా పడేస్తాడు గదా. ఆయప్ప పడెయ్యల్యా. నడుం వంచి, మోకాళ్ళు వంచి, నిద్దరపోయిన బిడ్డని ఉయ్యాల్లో పండుకోబెట్టినట్టు దించినాడు. సప్పుడే రాలేదు."

మునస్వామి చాచిన చేతులు దించుకున్నాడు.

"ఆ దించేది సూసే పాపా, నాయన్తో కొట్లాడి నిన్ను ఇప్పించింది. అంత బరువుని అంత నిదానంగా దించినోడు, ఆడపిల్లని ఎంత పదిలంగా సూసుకుంటాడో అనుకున్న్యా. నీ సెయ్యి ఇరిగిన పొద్దు కొడవలి తీసుకోని ఎతికినా ఆయప్పని. దొరికింటే నరికుందును. అయినా ఆ పొద్దు నేను సూసింది అబద్ధమని మాత్రం నా నోటితో సెప్పలేను."

చంద్రకాంతమ్మకు ఒళ్ళు మండింది. ఊరంతటికీ ఒక ధనంజయను చూసే అదృష్టం పట్టింది. ఆ ఊరివాడు కాకపోయినా తన అన్నకు కూడా పట్టింది. చూసిన సంబరమంతా వాళ్ళు పంచుకుని, మిగిలింది తనకు కట్టబెట్టారు. గుండెత్తితే పిల్లనిచ్చే తెలివి ఈ లోకంలో ఇంకెక్కడా ఉండదేమో. ఆ మాట అన్నతో అందామనుకుంది గానీ, అతని కళ్ళలో నీళ్ళు చూసి, మజ్జిగ తాగి లేచింది.

ఇంటికి పోవలసిన మనిషి నడిమిపల్లె దారి పట్టింది. ఆ గుండుకు ఎప్పుడు పసుపు పెట్టినా మొగుడికి వండాలన్న హడావుడే గానీ దాన్ని నిదానంగా చూసింది లేదు. నడిమధ్యాహ్నం, ఎండకు కాకి కూడా బయట లేదు. నిద్రపోతున్న గుండును ముట్టకూడదని కట్టుబాటు. తన ఒంటిమీద చెయ్యి పడినప్పుడు ఏ కట్టుబాటూ అడ్డం రాలేదు కాబట్టి ఆమె దాన్ని ఖాతరు చెయ్యలేదు. మొదట అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టింది. చెయ్యి చుర్రుమంది. తర్వాత చుట్టూ చూసి, కొంగు బిగించి, రెండు చేతులా దాన్ని కౌగలించుకుని తోసింది. కాళ్ళు మన్నులో జారాయి. ఇంకోసారి తోసింది. కదలడం మాట అటుంచి, తోస్తున్నట్టు దానికి తెలిసిన గుర్తు కూడా లేదు.

ఆమె చెంప రాతికి ఆని ఉంది. ఎండలో కాలిన రాయి, కానీ లోపలెక్కడో చల్లగా ఉన్నట్టు తోచింది. ఎంత బరువో మాటల్లో విన్నప్పుడు తెలియలేదు, చేతులకు ఇప్పుడు తెలిసింది. దీన్నా? ఆ ఎండుకట్టె మనిషా? దీన్ని లేపి, భుజాన పెట్టుకుని, నడిచి, చప్పుడు లేకుండా దించాడా? ఆమెకు ఒళ్ళంతా గగుర్పొడిచింది. ఇష్టం లేకుండానే చేతులు జోడించబోయి, జోడించబోతున్నందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

అప్పుడే ఇంకొక సంగతి కూడా తెలిసివచ్చి, ఆమె అక్కడే ఆ నీడ లేని చోట చతికిలబడింది. ఇంత కాలమూ మొరటు చేతులు, తాగిన చేతులు, వాటికేం తెలుసు అని ఎక్కడో ఒక మూల సరిపెట్టుకుంటూ వచ్చింది. కాదు. ఎంత బలం వెయ్యాలో, ఎక్కడ ఆపాలో, ఎట్లా దించాలో లోకంలో అందరికంటే బాగా తెలిసిన చేతులవి. రాయిని దించినంత మెల్లగా తనను వదిలిపెట్టడం వాటికి చేతకాక కాదు. ఆ ఎత్తడం ఎంత గొప్పదైతే ఈ విరవడం అంత చెడ్డది. ఒకటి ఇంకొకదాన్ని తుడిచెయ్యదు. తప్పు తప్పే, ఎత్తింది ఎత్తిందే అని సుబ్రమణ్యం మామ అన్నమాట ఆయన అనుకున్నదానికంటే నిజం. ఆమె ఏడవలేదు. లేచి, చీర దులుపుకుని, ఏం చెయ్యాలో ఆలోచించుకుంటూ బస్సెక్కింది.

జాతరనాడు నడిమిపల్లెలో ఎవరు ఆడో ఎవరు మగో పోల్చుకోవడం కష్టం. మొక్కుకున్న మగవాళ్ళంతా చీరలు కట్టి, పూలు పెట్టి, గాజులు తొడుక్కుని అమ్మవారి ముందుకు వస్తారు. మీసాల కింద తాంబూలం నములుతూ, నడుమున చెయ్యి పెట్టుకుని నడిచే ఆ వేషాలను చూసి ఆడవాళ్ళు పడీ పడీ నవ్వుతారు. ఆ గోలలో గుడి పక్క అరుగుమీద ధనంజయ తలవంచుకుని కూర్చుని ఉన్నాడు. జుట్టు నెరిసింది, చెంపలు లోపలికి పోయాయి. చేతులు మాత్రం అట్లాగే ఉన్నాయి, వేరే ఎవరివో తెచ్చి మోకాళ్ళ మీద పెట్టినట్టు. గుండును ఎన్నడూ లేవగా చూడని కుర్రవాళ్ళు కొంచెం దూరంలో నిలబడి ఆ చేతులనే చూస్తున్నారు. పళ్ళెంలో తలపాగా ఉంది.

చంద్రకాంతమ్మ ఇత్తడి బిందెతో నీళ్ళు, పసుపూ కుంకుమా పట్టుకుని వచ్చింది. వెనక, పోవద్దన్న మునస్వామే మొహం గంటు పెట్టుకుని వచ్చాడు. జనం దారి ఇచ్చారు. "ఎంతైనా ఆడది, కడుపులో పెట్టుకునింది," అని ఒక ముసలమ్మ కళ్ళొత్తుకుంది. ఆమె తిన్నగా ధనంజయ ముందుకు వెళ్ళి బిందె దించింది.

అతను తలెత్తి మొదట ఆమె మణికట్టు చూశాడు. "సెయ్యి ఎట్లుండాది?"

"వాన పడేముందు సెప్తాది," అంది. చంకలోని సంచిలోంచి ఉతికి మడతపెట్టిన నూలుచీర ఒకటి తీసి బిందె పక్కన పెట్టింది. "ఇది కట్టుకో."

అతనికి అర్థం కాలేదు. ఎవరికీ అర్థం కాలేదు.

"మీ ఇంట్లో ఆడది లేదు. నేను మా ఇంట్లో ఉండా, ఈడికి సూసేదానికి వచ్చినా. గుండు నిద్దర లేవాల, నేనూ కాదన్ను. అమ్మోరి జాతరలో సీర కట్టిన మొగోడు ఆడదే గదా. నువ్వే మీ ఇంటి ఆడదానివై నీ గుండుకి పసుపు పెట్టుకో."

సుబ్రమణ్యం గబగబా ముందుకొచ్చాడు. "ఇదేం పద్ధతమ్మా? తలపాగా కట్టబోయే మనిషికి సీరా? యాడన్నా ఉండాదా?"

"ఉండాదో లేదో పూజారిని అడుగు మామా."

అందరూ చిన్నబ్బ వంక చూశారు. చిన్నబ్బ చుట్టూ చూశాడు. చీరలు కట్టిన మీసాలవాళ్ళు గుడినిండా ఉన్నారు. వాళ్ళలో పట్టుచీర కట్టి జడకుప్పెలు పెట్టినవాడు ఆయన సొంత కొడుకు. ఆయన చాలాసేపు ముక్కు గోక్కున్నాడు.

"అమ్మోరి కాడ సీర కట్టినోడు ఆ పొద్దుకి ఆడదే," అన్నాడు చివరికి. "మా తాత కాడ్నించీ అదే మాట. ఈ పొద్దు నేను కాదంటే ఈళ్ళందరి మొక్కులూ సెల్లకుండా పోతాయి."

ధనంజయ చీరవంక చూస్తూ ఉండిపోయాడు. లేచి వెళ్ళిపోతాడనుకున్నారు. మునస్వామి అదే కోరుకున్నాడేమో కూడా. కానీ అతను లేచి, చీర విప్పి నడుముకు చుట్టుకున్నాడు. కుచ్చెళ్ళు పెట్టడం తెలియక తికమకపడుతుంటే, చిన్నబ్బ కొడుకు వచ్చి పెట్టి పోయాడు. పొద్దుటినుంచీ ప్రతి వేషానికీ నవ్విన ఊరు ఒక్క నవ్వు నవ్వలేదు.

అతను బిందె ఎత్తుకుని గుండు దగ్గరికి నడిచాడు. నీళ్ళు పోసి, అరచేత్తో రుద్ది రుద్ది, చుట్టూ తిరుగుతూ కడిగాడు. ఒకచోట చెయ్యి ఆగింది. అక్కడ వంగి చెంప ఆనించాడు. మునస్వామి ఊపిరి బిగబట్టడం చంద్రకాంతమ్మకు వినిపించింది. తర్వాత పసుపు పూశాడు, బొటనవేలితో కుంకుమ పెట్టాడు. పూస్తున్నంతసేపూ కళ్ళవెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు. నల్లటి రాయి పచ్చగా వెలిగింది. పేరు పలకాలి. అతను నోరు తెరిచాడు గానీ తన పేరు తనకే పలకరాలేదు.

చంద్రకాంతమ్మే పలికింది. "ధనంజయ గుండు మేలుకున్నాది," అని, మంది అందరికీ వినపడేట్టు. డప్పులు ఒక్కసారిగా మోగాయి. ఆ చీరలోనే అతనికి తలపాగా కట్టారు. ఆ వింత ఆకారం చూసి దండం పెట్టని చెయ్యి లేదు.

అప్పుడు కుర్రవాళ్ళు ఎగబడ్డారు. ఆమె ముందు వరసలో నిలబడి చూసింది. ఒకడు వేళ్ళు దూర్చలేకపోయాడు. ఒకడు జానెడు లేపి అరిచి వదిలేశాడు. కొండలాంటి కండలున్నవాడొకడు మోకాలి దాకా తెచ్చాడు, అంతే. గుండు ధడేలున నేలకు పడినప్పుడల్లా పాదాల కింద మట్టి అదిరింది. అదిరినప్పుడల్లా ఆమెకు అన్న చెప్పిన ఆ చప్పుడులేని దించడం గుర్తొచ్చింది. మహానుభావుడు, ఎట్లా ఎత్తాడో. ఆ మాట మనసులో అనుకోవడానికి ఆమెకు ఇప్పుడు భయం వెయ్యలేదు.

ఎండ నడినెత్తికి వచ్చింది. గుడి ముందర విస్తరి వేశారు. ధనంజయ తడిచీరతో, తలపాగాతో దాని ముందు కూర్చున్నాడు. విస్తరి ఖాళీగా ఉంది. ఊరు ఊరంతా చంద్రకాంతమ్మ వంక తిరిగింది.

"ఇంత మెతుకు పెట్టమ్మా," అన్నాడు సుబ్రమణ్యం మెల్లగా. "ఇప్పుడన్నా."

"పసుపు పెట్టిన సేతి కూడే గదా మామా తినాల," అంది ఆమె. "ఆ సెయ్యి ఆయప్ప కాడే ఉండాది."

ధనంజయ పసుపంటిన తన రెండు చేతులనూ తిరగేసి చూసుకున్నాడు. ఆ తర్వాత తలపాగా తీసి పక్కన పెట్టి, విస్తరి ముందు నుంచి లేచి, పొయ్యి ఎక్కడుందని చిన్నబ్బను అడిగాడు.